పచ్చి గోడలు

"కాస్త ఎడంగా నిలబడమ్మా తల్లీ, నీ గాలంతా మా మీదకే వస్తోంది," అంది టైలరమ్మ, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

కుళాయి దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. వరస చివర నిలబడ్డ మేస్త్రీ భార్య కూడా నవ్వింది. ఆమెకి ఈ భాష ఇంకా సగమే వచ్చు. నలుగురు నవ్వుతున్నప్పుడు తనూ నవ్వడం మర్యాద అనుకుని ఉంటుంది. నవ్వేసరికి పగిలిన పెదవి చురుక్కుమన్నట్టుంది, వెంటనే నోరు మూసుకుంది. ఆమె చంకలో ఉన్న పిల్ల జుట్టు అట్టకట్టి, చెవుల వెనక సిమెంటు దుమ్ము చారలు చారలుగా ఉంది.

"స్నానం చేసి ఎన్నాళ్ళయిందో! మన కుళాయి నీళ్ళు ముట్టుకోరేమో వాళ్ళు," అంది ఇంకో ఆవిడ.

"ఎందుకు ముట్టుకోరు, బిందెలకి బిందెలు మోస్తుంటేనూ," అంది టైలరమ్మ.

నీళ్ళక్క వాల్వు గుంట గట్టు మీద కూర్చుని ఇదంతా వింది. వినీ విననట్టు ఊరుకుంది. ఆమె పని నీళ్ళు వదలడం, నీళ్ళు కట్టడం. ఎవరు ఎవర్ని ఏమన్నారో తీర్చడం కాదు. పొడుగాటి ఇనుప కడ్డీ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కుళాయి ధారనే చూస్తోంది. ఏరు పొంగిన రోజు ఇదే కడ్డీ పట్టుకుని వాల్వులు కట్టడానికి వెళ్ళిన ఆమె భర్త తిరిగి రాలేదు. బురద తీసినప్పుడు కడ్డీ మాత్రం దొరికింది. దాని పిడి దగ్గర ఆయన చుట్టిన గుడ్డపీలికల్ని ఆమె విప్పలేదు. వాటి మీదే ఇంకో చుట్టు చుట్టుకుంది.

వరద బావులన్నీ పూడ్చేసి పోయింది. గట్టు మీది ట్యాంకు ఒక్కటే మిగిలింది. పొద్దున వాల్వు తిప్పగానే ధార మణికట్టంత లావున పడుతుంది. వరస సగం గడిచేసరికి వేలంత అవుతుంది, చివరికొచ్చేసరికి దారంలా సాగుతుంది. ముందు ఊరివాళ్ళు పట్టుకోవాలి, తర్వాతే కొత్తవాళ్ళు. ఇది నీళ్ళ కమిటీ పెట్టిన వరస. అప్పట్లో కొత్తవాళ్ళకి కంట్రాక్టరు ట్యాంకరు వచ్చేది కాబట్టి ఎవరికీ ఇది తప్పుగా తోచలేదు. ఆ ట్యాంకరు ఆగిపోయింది. వరస మాత్రం అలాగే ఉండిపోయింది.

కొత్తవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఊళ్ళో తాపీ పట్టడం తెలిసినవాళ్ళు వరదకి ముందే కొందరు, వరదతో కొందరు పోయారు. బురద ఎత్తింది కొత్తవాళ్ళే, కూలిన గోడల కింద నుంచి మనుషుల్ని తీసిందీ వాళ్ళే, ఇప్పుడు గట్టు కింద వరసగా ఇళ్ళు లేపుతున్నదీ వాళ్ళే. ఊరివాళ్ళూ వాళ్ళూ అందరూ ఒకేలాంటి రేకుల షెడ్లలో ఉంటున్నారు. కాకపోతే వాళ్ళ షెడ్లు ఆ చివర ఉంటాయి, అందరూ బూడిద పోసే చోట.

మేస్త్రీ భార్య వంతు వచ్చేసరికి ధార సన్నబడింది. మొదటి బిందె ఎలాగో నిండింది. రెండోది సగానికి వచ్చింది. నీళ్ళక్క లేచి కడ్డీని గుంటలోకి దించి చక్రానికి తగిలించింది.

"అక్కా, కొంచెం," అంది మేస్త్రీ భార్య, వేలు చూపిస్తూ.

"టైమైపోయింది," అంది నీళ్ళక్క. కడ్డీకి బరువంతా ఆనించి తిప్పింది. లోపల వాల్వు కిర్రుమని బిగిసింది. ధార తెగి, చుక్కలయి, ఆగింది. మేస్త్రీ భార్య చివరి చుక్క పడేదాకా బిందె పట్టుకునే ఉంది. తర్వాత తలగుడ్డ మడిచి నెత్తిన పెట్టుకుని నిండు బిందె ఎత్తుకుంది. సగం బిందె నడుముకి ఆనించుకుంది. పిల్ల ఆమె వేలు పట్టుకుని నడిచింది.

కుళాయి చుట్టూ బురద ఊడ్చి, గుంట మీద రేకు మూసి, నీళ్ళక్క తన కొత్త ఇల్లు చూసుకోవడానికి వెళ్ళింది. రోజూ వెళ్తుంది. ఇంకా గడప దాటి కాపురం పెట్టలేదు. తలుపులు రావాలి. మొదటి వరసలో నాలుగో ఇల్లు ఆమెది, అటుపక్కది బావగారిది, ఇటుపక్కది టైలరమ్మది. ప్లాస్టరింగు అయ్యాక అన్ని గోడలకీ గోనెపట్టాలు వేలాడదీసి ఉంచారు. ఆమె పడమటి గది గోడ మీద పట్టా పక్కకి జరిపి అరచెయ్యి ఆనించింది.

చల్లగా తగిలింది. చెయ్యి తీసి చూసుకుంటే తడి.

గోడలకి నీళ్ళు కొట్టడం ఆగిపోయి ఎన్నాళ్ళో అయింది. ఇళ్ళ పనికి కుళాయి నీళ్ళు చుక్క కూడా వాడకూడదని కమిటీ గట్టిగా చెప్పింది. వాన లేదు. మరి ఈ తడి ఎక్కడిది? వరద తగ్గాక, ఎండ కాస్తుండగా, ఎవరూ ముట్టుకోకుండానే ఆమె పాత ఇంటి గోడ అలసిపోయిన మనిషిలా కూర్చుండిపోయింది. దానికి ముందురోజు ఆ గోడా ఇలాగే చల్లగా ఉంది. ఆ చల్లదనం ఆమె చెయ్యి మరిచిపోలేదు.

బావగారి షాపు రోడ్డు మలుపులో ఉంది. మేకులు, గొళ్ళేలు, తాళాలు అమ్ముతాడు. ఆమె భర్తకి అన్నగారు, నీళ్ళ కమిటీకి పెద్ద. నీళ్ళక్క గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏమ్మా, ఇలా వచ్చావ్?"

"గోడ చెమ్మగా ఉంది బావగారూ. పడమటి గోడ. పొద్దున చెయ్యి పెడితే తడి తగిలింది. ఇసుకలో ఏమన్నా మోసం జరిగిందేమోనని..."

బావగారు తూస్తున్న మేకుల్ని తక్కెట్లోనే వదిలేశాడు. "మాదీ అంతే. ఎవరితో అంటే ఏం గొడవోనని ఊరుకున్నాను. ఏటి ఇసుక కలిపేసి ఉంటారు. కంట్రాక్టరుతో నేను మాట్లాడతా." గొంతు తగ్గించాడు. "ఇంకోటి. వాల్వు గుంటలో ఊరే నీళ్ళు ఎవరో తోడుకుపోతున్నారట. నిజమేనా?"

గుంట లోపలి గోడ మీద నాచు గీసుకుపోయి ఉండడం ఆమె చూసింది. డబ్బా దింపి లాగితే పడే గీతలవి. రేకు కూడా తను పెట్టినట్టు ఉండటం లేదు.

"తోడుతున్నట్టే ఉంది," అంది.

"ఎవరు?"

"చూడలేదు బావగారూ."

"చూడక్కర్లేదులే. మేస్త్రీ పెళ్ళాం మధ్యాహ్నం పూట బిందెతో తిరుగుతోందని ముగ్గురు చెప్పారు. మొగుడూ పెళ్ళాం, ఓ పిల్ల. అన్ని నీళ్ళు ఏం చేస్తారు? అమ్ముకుంటున్నారా?" గోడకి వేలాడుతున్న తాళాల్లోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "రేపు గుంటకి ఇది వేసెయ్. ఎల్లుండి నుంచి ఆ చివరి షెడ్లకి కుళాయి బంద్. ట్యాంకు అడుగంటుతోంది, నువ్వే చూస్తున్నావుగా. కంట్రాక్టరు నీళ్ళు తెచ్చి పోసుకుంటాడో, వాళ్ళని ఇంకో ఊరు తోలుకుపోతాడో వాడిష్టం."

"అవతలి వరస ఇంకా పునాదుల్లోనే ఉంది కదా బావగారూ."

"మన వరస అయిపోయింది కదా."

ఆమె తాళం తీసుకుంది. వెనుదిరిగిన తర్వాత ఆయన పిలిచాడు. "ఆ కడ్డీ నీ చేతికి ఇప్పించడానికి నేను ఎంతమందితో మాటపడ్డానో నీకు తెలుసు. ఆడమనిషి ఏం తిప్పుతుందన్నారు. నా మాట పోనివ్వకు."

*

మర్నాడు కుళాయి కట్టేసి వచ్చేసరికి మేస్త్రీ ఆమె షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి. చేతులు మోచేతుల దాకా తెల్లగా పాలిపోయి ఉంటాయి, సిమెంటు తినేసి. ఎప్పుడూ చేతిలో ఉండే తాపీ ఇవాళ లేదు. గోడ నిలువు చూసే తూకం గుండు మాత్రం జేబులోంచి తాడుతో సహా వేలాడుతోంది.

"అక్కా, గోడలో తప్పేంటి?" అన్నాడు.

లోపల మంచం మీద నుంచి అత్తగారు తొంగి చూసింది. "ఎవరే అది?"

"మేస్త్రీ అత్తయ్యా."

"కంట్రాక్టరు పొద్దున అందరి ముందు తిట్టాడు," అన్నాడు మేస్త్రీ. ఒక్కో మాటా ఇటుక పేర్చినట్టు పేరుస్తున్నాడు. "తాపీ తీసుకున్నాడు. నీ గోడ తడి, నువ్వు దొంగ అన్నాడు. తప్పు చూపించు అక్కా. పడగొట్టి మళ్ళీ కడతా."

ఆమె రమ్మని చేత్తో సైగ చేసి కొత్త ఇంటికి తీసుకెళ్ళింది. అతను పట్టా తీసి గోడకి తూకం గుండు వేలాడదీశాడు. గుండు ఊగి ఊగి ఆగేదాకా ఇద్దరూ తాడునే చూశారు. తాడుకీ గోడకీ మధ్య ఎడం పైనా కిందా ఒక్కలాగే ఉంది. అప్పుడు వేలి కణుపుతో గోడని తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఇంకోచోట తట్టాడు. మళ్ళీ విన్నాడు.

"గోడ బాగుంది అక్కా."

"మరి తడి?"

"తడి మంచిదే. తొందరగా ఎండితే పగులుతుంది."

"మా పాత గోడ తడితోనే పోయిందయ్యా."

"అది మట్టిది. ఇది వేరు. ఇది పచ్చిది. బాలింత లాంటిది. కొన్నాళ్ళు చూసుకోవాలి."

"అదే అడుగుతున్నా. నీళ్ళు కొట్టడం ఆపేశాం కదా, ఈ తడి ఎక్కడి నుంచి వస్తోంది?"

అతను నోరు తెరిచాడు. గట్టు వైపు, వాల్వు గుంట ఉన్న వైపు ఒకసారి చూశాడు. తెరిచిన నోరు మూసేసి, తాడుని గుండు చుట్టూ చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం అయ్యాక కూడా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"బాగుంది అక్కా గోడ," అని మళ్ళీ అని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చి జరిగింది చెబితే అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు. పెద్దకొడుకు రమ్మని పోరుతున్నా వెళ్ళకుండా, పోయిన చిన్నకొడుకు భార్య దగ్గరే ఉండిపోయిన మనిషి.

"తాళం ఎందుకు తెచ్చావు?"

"గుంటకి. మేస్త్రీ భార్య నీళ్ళు దొంగతనంగా తోడుకుపోతోందట."

"తోడుకుపోయి?"

"ఏమో. వాడుకుంటున్నారేమో."

"ఏం వాడుకుంటారే? మొన్న నువ్వే అన్నావు, దగ్గరికొస్తే కంపు, పిల్ల తల అట్టకట్టిందీ అని. అంతలేసి నీళ్ళు తోడుకుపోయేవాళ్ళు కంపు కొట్టడమేమిటి? నీళ్ళు దొంగిలించినవాళ్ళు కనీసం మొహమైనా కడుక్కోరూ? రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం." ఆవిడ మళ్ళీ పడుకుంది. "నా కొడుకు షాపులో కూర్చుని పొద్దస్తమానం తూకాలేస్తాడు, ఈపాటి లెక్క వాడికి తట్టలేదు చూడు. నువ్వూ వాడికి తగ్గ మరదలివే."

*

మధ్యాహ్నం ఎండకి షెడ్ల రేకులు టకటకమంటున్నాయి. అందరూ లోపల ఉన్నారు. నీళ్ళక్క ఒక చేతిలో తాళం, ఇంకో చేతిలో గొలుసు పట్టుకుని గట్టు ఎక్కింది. పైకి రాగానే ఆగిపోయింది.

గుంట మీద రేకు పక్కకి జరిపి ఉంది. మేస్త్రీ భార్య బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి లోపలికి దించింది. తాడు కట్టిన డబ్బా పైకి వచ్చింది. అందులో పట్టుమని దోసెడు నీళ్ళు లేవు. వాటిని బిందెలో పోసి, ఒక గుడ్డ గుంట అడుగుకి దించి, నానాక పైకి తీసి బిందెలోకి పిండింది. మళ్ళీ దించింది. మళ్ళీ పిండింది. ప్రతిసారీ ఆఖర్న గుడ్డని రెండు చేతులతో మెలిపెట్టి, ఇంక రాదు అన్నాక కూడా ఒకసారి మెలిపెట్టేది. పిల్ల గుంట నీడన కూర్చుని రాళ్ళతో ఆడుకుంటోంది.

నీళ్ళక్క పిలవబోయింది. ఎందుకో పిలవలేదు. పాత గోడ ముక్క ఒకటి నిలిచి ఉంటే దాని వెనక్కి జరిగింది.

మేస్త్రీ భార్య రేకు మళ్ళీ మూసింది. బిందె ఎత్తుకుని పిల్లని పిలుచుకుని గట్టు దిగింది. ఆ చివర షెడ్ల వైపు వెళ్తుందనుకుంది నీళ్ళక్క. ఆమె ఇటు తిరిగింది, కొత్త వరస వైపు. నీళ్ళక్క ఎడంగా వెనకే నడిచింది.

ముందు టైలరమ్మ ఇంట్లోకి వెళ్ళింది. కిటికీకి ఇంకా రెక్కలు లేవు కాబట్టి అంతా కనిపిస్తూనే ఉంది. ఆమె బిందెలో గుడ్డ ముంచి, కొంచెం పిండి, గోడ మీద పరిచి అరచేత్తో అద్దింది. జ్వరం వచ్చిన వాళ్ళ నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టు. గుడ్డ తీసి పక్కన వేసింది, అద్దింది. చుక్క నీరు కింద పడనివ్వలేదు. గోడ మీద తడిసిన చోటు ముదురు రంగు తేలి, చూస్తుండగానే లోపలికి పీల్చుకుంది. అక్కడ అయ్యాక గోనెపట్టా సర్ది ఇటు వచ్చింది.

నీళ్ళక్క ఇంటి గుమ్మంలో ఇంకో బిందె పెట్టి ఉంది. రోజూ కుళాయి దగ్గర సగమే నిండే ఆ బిందె. నొక్కు పడిన దాని అంచుని నీళ్ళక్క గుర్తుపట్టింది. గుంట నీళ్ళు టైలరమ్మ గోడలకే అయిపోయాయి. మేస్త్రీ భార్య ఈ బిందెలో గుడ్డ ముంచింది. పడమటి గది గోడ మీద పరిచి, అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

నిన్న నీళ్ళక్క చెయ్యి పెట్టింది సరిగ్గా అక్కడే.

ఆమె లోపలికి నడిచింది. గొలుసు చప్పుడుకి మేస్త్రీ భార్య ఉలిక్కిపడి తిరిగింది. తాళం చూసింది. బిందె పట్టుకుని గోడకి అతుక్కుపోయింది.

"గుంటవే అక్కా. కుళాయివి కాదు. కారి పోయేవి. పోయేవే తీశా."

"ఇవి?" నీళ్ళక్క బిందె చూపించింది.

"ఇవి మావి."

"తాగడానికి పట్టుకున్నవి కదా?"

"తాగడానికి ఉన్నాయి. ఇంకో బిందె ఉంది."

"స్నానానికి?"

మేస్త్రీ భార్య తలగుడ్డ ముందుకి లాక్కుంది. కుళాయి దగ్గర మాటలు ఆమెకి సగమైనా అర్థమవుతూనే ఉన్నాయని నీళ్ళక్కకి అప్పుడు తెలిసింది.

"నీ మొగుడికి తెలుసా?"

"వద్దన్నాడు. పట్టుకుంటే పని పోతుంది అన్నాడు. తర్వాత ఊరుకున్నాడు."

"మరి చెప్పొచ్చు కదే! గోడ తడిగా ఉందని నేనే కదా వాళ్ళతో చెప్పింది. దొంగ అన్నారు కదా మీ ఆయన్ని. ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెబితే నీళ్ళు ఆపుతారు." ఆమె గుడ్డని చేతిలో పిండుతోంది, అందులో నీళ్ళేమీ లేకపోయినా. "ఇంకొన్ని రోజులు చాలు అక్కా. గట్టిపడుతుంది. తర్వాత ఏమన్నా అనండి."

"కూలి తీసుకున్నారు, గోడ కట్టారు, పని అయిపోయింది. మా గోడ పగిలితే మీకేం?"

మేస్త్రీ భార్య గోడ వైపు తిరిగి, ఆరుతున్న చోటు చూసింది. మాటల కోసం వెతుక్కుంది.

"మా ఊళ్ళో మాకు కట్టినవాళ్ళు ఎండకి వదిలేసి పోయారు. పైకి బాగుంది. నీళ్ళొచ్చినప్పుడు అదే ముందు పడింది." గోడకి అరచెయ్యి ఆనించి అంది, "లోపల మా అమ్మ ఉంది. పెద్దపిల్ల ఉంది."

బయట చిన్నపిల్ల గుమ్మంలో రాళ్ళు పేరుస్తోంది. ఒకదాని మీద ఒకటి పెట్టి, పడితే మళ్ళీ పెడుతోంది.

నీళ్ళక్క తాళమూ గొలుసూ కింద పెట్టింది. ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని బిందెలో ముంచింది. ఎంత పిండాలో తెలియక ఎక్కువ కారింది. మేస్త్రీ భార్య గబుక్కున దోసిలి పట్టి, కారిన నీళ్ళని గోడకి రాసింది.

"ఇలా అక్కా," అని గుడ్డ కొస మడిచి చూపించింది. "కొంచెం కొంచెం. తాగనివ్వాలి."

*

సాయంత్రం ఆమె షాపుకి వెళ్ళి తాళం బల్ల మీద పెట్టింది. జరిగింది చెప్పింది. మీ గోడకి కూడా అదే నీళ్ళు బావగారూ అంది. బావగారు తాళాన్ని అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు.

"మంచిదే. మంచివాళ్ళే. నేను కాదనను. కానీ ట్యాంకు మంచితనంతో నిండదమ్మా. వాళ్ళకి ఇచ్చే ప్రతి బిందే ఇక్కడ ఇంకొకరికి తగ్గుతుంది. అప్పుడు ఎవరి గుమ్మం ముందుకొచ్చి అరుస్తారు? నా గుమ్మం ముందుకి." తాళాన్ని తీసి మేకుకి తగిలించాడు. "రేపు వాళ్ళకి బంద్ అంటే బంద్. నీ వల్ల కాకపోతే చెప్పు, కడ్డీ ఇంకొకరికి ఇద్దాం."

"పొద్దున చెబుతాను," అంది నీళ్ళక్క.

పొద్దున ఎప్పటిలా వరస కట్టారు. ముందు టైలరమ్మ, వెనక మిగతావాళ్ళు. చివర మేస్త్రీ భార్య, కొద్దిగా ఎడంగా. పక్కన బావగారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు కర్ర పొడుచుకుంటూ గట్టు దాకా వచ్చి రాయి మీద కూర్చుంది. ఆవిడ ఇక్కడికి రావడం వరద తర్వాత ఇదే మొదలు. నీళ్ళక్క గుంట మీద రేకు తీసింది. కడ్డీ దించలేదు. వరస చివరికి నడిచి మేస్త్రీ భార్య బిందెలు రెండూ తెచ్చి, టైలరమ్మ బిందె పక్కకి జరిపి, కుళాయి కింద పెట్టింది. తన బిందె తీసుకెళ్ళి అందరికంటే వెనక పెట్టింది. మళ్ళీ వచ్చి గుంట గట్టు మీద కూర్చుంది.

"ఇదేం చోద్యమే? నీకేమన్నా మతిపోయిందా?" అంది టైలరమ్మ. "చీకటితో వచ్చి నిలబడ్డాను నేను."

"కొత్త వరసలో ఇళ్ళున్నవాళ్ళంతా వెళ్ళి మీ మీ గోడలు ముట్టుకుని రండి. వచ్చాక నన్ను ఎన్ని తిట్లయినా తిట్టండి. అప్పటిదాకా వాల్వు తిప్పను."

"గోడలేంటి? నీళ్ళేంటి?"

"గోడ తడిగా ఉంటుంది. ఆ తడి ఎక్కడిదంటే, ఈ అమ్మాయీ పిల్లా స్నానం మానేసి, తాగేవి తగ్గించుకుని, మన గోడలకి పట్టిస్తున్న నీళ్ళు. నా కళ్ళతో చూశాను. నా మాట నమ్మకండి. వెళ్ళి ముట్టుకోండి."

గొడవ రేగింది. ఇదంతా నాటకమని ఒకరన్నారు. ముందు నీళ్ళు వదలమని ఇంకొకరన్నారు. మేస్త్రీ భార్య ముందుకొచ్చి తన బిందెలు తీసుకోబోయింది. నీళ్ళక్క కడ్డీ అడ్డం పెట్టింది. బావగారి మొహం ఎర్రబడింది.

"నిన్న ఏం చెప్పాను నేను? కడ్డీ ఇలా ఇయ్యి."

నీళ్ళక్క లేచింది. కడ్డీ రెండు చేతులా ఎత్తి ఆయన ముందు పట్టుకుంది. "ఇస్తాను బావగారూ. గోడ ముట్టుకుని వచ్చి తీసుకోండి."

ఆయన కదల్లేదు. రాయి మీద నుంచి అత్తగారు కర్రతో నేల మీద కొట్టింది.

"ఒరేయ్ పెద్దోడా! పనికిమాలిన పెద్దరికాలు తర్వాత. నీ తమ్ముడు ఈ కడ్డీ పట్టుకుని పోయింది నీళ్ళు ఎవరివని అడిగి కాదు. వెళ్ళి చెయ్యి పెట్టి రా. గోడేం కరవదు."

ఎవరూ నవ్వలేదు. బావగారు తల్లి వంక చూసి, నేల వంక చూసి, కొత్త వరస వైపు నడిచాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు కదిలారు. టైలరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడి, "సరే, చూస్తే పోయేదేముంది," అని తనూ వెళ్ళింది.

మిగిలినవాళ్ళు కొత్త వరస వైపే చూస్తున్నారు. మేస్త్రీ భార్య తన కాళ్ళ వేళ్ళు చూసుకుంటోంది.

ముందు టైలరమ్మ వచ్చింది. కుడిచెయ్యి ఒంటికి ఎడంగా పట్టుకుని వచ్చింది, ఏదో అంటుకున్నట్టు. అరచేతిలో బూడిదరంగు చెమ్మ. తన బిందె తీసుకుని వరస వెంట నడిచి, నీళ్ళక్క బిందె ముందు పెట్టి అక్కడ నిలబడింది. తర్వాత వచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఆగారు.

బావగారు అందరికంటే ఆఖర్న వచ్చాడు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నాడు. నీళ్ళక్క కడ్డీ చాపింది. ఆయన దాని పిడి దగ్గర చుట్టిన గుడ్డపీలికల్ని చూశాడు.

"తిప్పమ్మా," అన్నాడు. "ఎండెక్కుతోంది."

కుళాయి ఒక్కసారిగా విరుచుకుపడింది. నిండు ధార బిందె అడుగుని ఢమ్మని కొట్టేసరికి మేస్త్రీ భార్య ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ చప్పుడు ఆమె అంతకుముందు దూరం నుంచే విన్నది. పిల్ల రెండు చేతులూ ధార కింద పెట్టి కేరింది. బిందెలు రెండూ నిండి పొర్లాయి.

ఆమె నెత్తిన ఒకటి, నడుముకి ఒకటి ఎత్తుకుని, అలవాటు చొప్పున కొత్త వరస వైపు తిరిగింది.

"అటెక్కడికి?" అంది వెనక నుంచి టైలరమ్మ, గట్టిగా. "ఇటు, మీ ఇంటికి పట్టుకెళ్ళు. నా గోడ నేను తడుపుకుంటాను." ఇంకెటో చూస్తూ అంది, "వెళ్ళి పిల్లకి నీళ్ళు పొయ్యి. ఆ తల చూడు, పిచ్చుకగూడులాగ."

మేస్త్రీ భార్య నీళ్ళక్క వంక చూసింది. నీళ్ళక్క తల ఊపింది.

బావగారు వెళ్తూ వెళ్తూ వరస దగ్గర ఆగాడు. "మీ ఆయన్ని షాపుకి రమ్మను," అన్నాడు మేస్త్రీ భార్యతో. "కంట్రాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. తాపీ అడుగుదాం."

వరస నడిచింది. ధార వేలంత అయింది, దారంలా అయింది. నీళ్ళక్క వంతు వచ్చేసరికి బిందె సగానికి కూడా రాలేదు. ఆమె ఎప్పుడు కట్టేస్తుందో అప్పుడే లేచి, కడ్డీ దించి, బరువంతా ఆనించి తిప్పింది. వాల్వు కిర్రుమంది. చివరి చుక్క పడేదాకా బిందె పట్టుకుని నిలబడింది.

అత్తగారు రాయి మీదే కూర్చుని ఉంది. బిందెలోకి తొంగి చూసింది. కనిపించక చెయ్యి పెట్టి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

ఆవిడ తడిసిన వేళ్ళు కాసేపు అలాగే పట్టుకుని, కర్ర నేలకి ఆనించింది.

"సరే, పద. ముందు గోడకి పెట్టొద్దాం."

"మరి తాగడానికి అత్తయ్యా?"

"మిగిలితే తాగుదాం. చెయ్యి ఇయ్యి, లేస్తాను."